డగ్లస్ సారు వెళ్లిన దీవి

డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్‌లో కాబ్–డగ్లస్ ఉత్పత్తి ఫలం, అంటే శ్రమ, మూలధనం ఎంత పెడితే ఎంత సరుకు వస్తుందో చెప్పే సూత్రం, చెప్పే రోజున నా క్లాసు ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు. బోర్డు మీద శ్రమ, మూలధనం, వాటి నెత్తిన ఘాతాలు రాసేసరికి సగం మంది నోట్సులోకి తల దించేస్తారు, మిగతా సగం కిటికీ బయట ఏం జరుగుతోందా అని చూస్తుంటారు. మూడేళ్ల కిందట మాత్రం వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి "సార్, కాబ్ డగ్లస్ అంటే ఒకాయనా, ఇద్దరా సార్?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేసి "ఇద్దరు, కూర్చో" అని తప్పించుకున్నాను. అంతకు మించి నాకూ తెలీదు మరి. పందొమ్మిదేళ్లుగా చెబుతున్న పాఠం అది.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. చార్లెస్ కాబ్ లెక్కల మాస్టారు. పాల్ డగ్లస్ షికాగో యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1899 నుంచి 1922 దాకా అమెరికా ఫ్యాక్టరీల లెక్కలు ముందేసుకుని ఇద్దరూ కలిసి 1928లో ఆ సూత్రాన్ని అచ్చు వేయించారు. ఇంతవరకు మామూలే. తర్వాతి పేరా చదివి మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. హింస కూడదని నమ్మే క్వేకర్లలో కలిసిన ఈ డగ్లస్ సారు 1942లో, 50 ఏళ్ల వయసులో, వెళ్లి, ఓడల మీంచి ఒడ్డుకి దిగి పోరాడే అమెరికన్ మెరైన్ దళంలో మామూలు సిపాయిగా చేరాడు. తన దగ్గర చదువుకునే కుర్రాళ్ల వయసు వాళ్లతో కలిసి పరుగులు పెట్టి, పాకి, శిక్షణ పూర్తి చేసుకున్నాడు. 1944 సెప్టెంబర్‌లో పసిఫిక్‌లోని పెలీలియు అనే దీవి మీద దిగిన డివిజన్‌లో ఆయన కూడా ఉన్నాడు. ఆయనకి అప్పగించింది కాగితాల పని. అయినా డేరాలో కూర్చోబుద్ధి కాక, నిప్పు చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్లకి కావలసిన సరుకు ముందు వరుస దాకా మోశాడు. బ్రాంజ్ స్టార్ అనే పతకం ఇచ్చారు.

అలా ఎకనామిక్స్ పాఠంలోంచి జారి పెలీలియులో పడ్డాను, ఇప్పటికీ బయటపడలేదు. మన వైపు రెండో ప్రపంచ యుద్ధం ఊసొస్తే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేసిన సంగతి చెప్పుకుంటాం, కాస్త చదివినవాళ్లు ఇవో జిమా దీవి యుద్ధం అంటారు, జెండా ఎత్తుతున్న ఆ ఫొటో పుణ్యమా అని. పెలీలియుకి అలాంటి ఫొటో లేదు. తెలిసిన కొద్దిమందీ కూడా "అనవసరంగా చేసిన యుద్ధం" అని ఒక్క ముక్కలో తేల్చేసి, తప్పంతా పసిఫిక్‌లో అమెరికా నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ నెత్తిన పెడతారు. నాకు అక్కడే పేచీ. అనవసరం అన్న మాట నిజమే. కానీ అది అనవసరమైంది దిగిన రోజున కాదు, దిగిన నాలుగైదు రోజులకి.

ముందు కథ చెప్పనివ్వండి. ఫిలిప్పీన్స్‌కి తూర్పున పలావు దీవులున్నాయి, వాటిలో దక్షిణం వైపున్న చిన్న ముక్క పెలీలియు. ఈ చివర నుంచి ఆ చివరకి పది కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి లాక్కున్నప్పటి నుంచీ జపాన్ చేతిలో ఉంది. అందులో ఒక విమానాశ్రయం ఉంది, దాని ఉత్తరాన ఉముర్బ్రోగోల్ అనే సున్నపురాతి గుట్టలు. అమెరికన్ జనరల్ మెక్‌ఆర్థర్ జపాన్ చేతిలో ఉన్న ఫిలిప్పీన్స్ మీదికి వెళ్తుంటే ఈ విమానాశ్రయం నుంచి జపాన్ విమానాలు లేచి పక్కనుంచి పొడుస్తాయేమోనని భయం, అందుకని ముందు దీన్ని పట్టుకోవాలని ప్లాను. ఆపరేషన్‌కి పెట్టిన పేరు 'స్టేల్‌మేట్-2'. చదరంగం ఆడేవాళ్లకి తెలుసు, స్టేల్‌మేట్ అంటే ఎవరూ గెలవకుండా ఆట ఆగిపోవడం. ఎవడు పెట్టాడో గానీ ఆ పేరు!

దిగడానికి రెండు రోజుల ముందు, సెప్టెంబర్ 13న, అడ్మిరల్ హాల్సీ దగ్గర్నుంచి వైర్‌లెస్ కబురొచ్చింది. తన విమానాలు ఫిలిప్పీన్స్ మీద దాడి చేసి చూస్తే అక్కడ అనుకున్నంత బలం లేదని తేలింది, కాబట్టి పలావు వగైరా వదిలేసి నేరుగా ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవికే వెళ్దామని ఆయన మాట. నిమిట్జ్ ఆ కబురు పైకి పంపాడు. అప్పుడు అమెరికా సేనాధిపతులంతా కెనడాలోని క్విబెక్‌లో రూజ్‌వెల్ట్, చర్చిల్‌ల సమావేశంలో ఉన్నారు. విందు మధ్యలో కబురు చేరింది, లేచి పక్కకెళ్లి మాట్లాడుకుని గంటన్నరలో జవాబిచ్చేశారు. డిసెంబర్ 20న అనుకున్న లేటే దాడి అక్టోబర్ 20కి మారిపోయింది. అంత పెద్ద నిర్ణయం గంటన్నరలో! మన దగ్గర కాలేజీ వార్షికోత్సవం తేదీ మార్చాలన్నా మూడు మీటింగులు కావాలి. కానీ హాల్సీ మాటలో సగమే చెల్లింది. పెలీలియుని మాత్రం ఆపవద్దని నిమిట్జ్ పట్టుబట్టాడు.

ఎనభై ఏళ్లుగా ఆయన్ని తిడుతున్నది దీనికే. నేను తిట్టలేను. ఆ క్షణంలో ఆయన ముందున్నదేమిటి? వేలమంది సైనికులు ఓడల్లో, నడిసముద్రంలో ఉన్నారు. దీవి మీద యుద్ధనౌకల గుండ్ల వర్షం అప్పటికే మొదలైపోయింది. చేతికొచ్చిన కొత్త సమాచారం విమానాల వాళ్లు ఒకటి రెండు రోజులు చూసి చెప్పింది మాత్రమే. దాన్ని నమ్మి అందరినీ వెనక్కి తిప్పితే, తీరా ఆ సమాచారం తప్పైతే? ఆ కుర్చీలో నేనున్నా ఆపేవాణ్ణి కాదేమో. తప్పు నిర్ణయమే, కానీ తెలిసినంతలో ఆలోచించే తీసుకున్నాడు.

తర్వాత జరిగింది వేరే రకం.

మొదటి మెరైన్ డివిజన్‌కి అధిపతి మేజర్ జనరల్ విలియం రూపర్టస్. మెరైన్లు ఈనాటికీ బట్టీపట్టే "నా రైఫిల్" అనే ప్రమాణం ఈయన రాసిందేనంటారు. దాడికి ముందు తర్ఫీదులో చీలమండ విరగ్గొట్టుకుని, ఆ సంగతి పెద్దగా బయటికి చెప్పకుండా అలాగే వచ్చాడు. బయల్దేరే ముందు తన వాళ్లకీ, విలేకరులకీ చెప్పిన మాట ఏమిటంటే, మూడు రోజుల్లో ముగిస్తాం, రెండే పట్టినా పట్టొచ్చు. మూడు రోజుల ముచ్చటకి ఎందుకులే అనుకున్నారు కాబోలు, డివిజన్ వెంట వచ్చిన 36 మంది విలేకరుల్లో చాలామంది అసలు ఒడ్డుకే దిగలేదు. పెలీలియు గురించి జనానికి తెలియకపోవడానికి ఇదొక కారణం. ఒక మనిషి ధీమా ఒక యుద్ధాన్ని వార్తల్లోంచే తీసేసింది.

గుండ్లు కురిపించిన అడ్మిరల్ ఓల్డెన్‌డార్ఫ్ కూడా ఇక కొట్టడానికి గురులు మిగల్లేదన్నాడు. మిగలకేం, కనపడలేదు, అంతే. గుట్టలంతా పచ్చగా అడవి కప్పేసి ఉంది, ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో అది మామూలు మిట్టలాగే కనిపించింది. తీరా బాంబులకి చెట్లు కాలిపోయాక చూస్తే ఏముంది, కత్తి అంచుల్లాంటి రాతి వరసలు, మధ్యన నిట్టనిలువు లోయలు, ఎటు చూసినా గుహలు. కర్నల్ కునియో నకగావా తన 11 వేల మందిని ఐదొందలకి పైగా గుహల్లో, పాత ఫాస్ఫేట్ గనుల సొరంగాల్లో సర్దిపెట్టాడు. కొన్నింటికి ఇనుప తలుపులు, తలుపు తెరిచి గుండు పేల్చి మళ్లీ మూసేస్తారు. గ్రెనేడ్ విసిరితే నేరుగా లోపలికి పోకుండా దారి మలుపు తిప్పారు. అంతకుముందు జపాన్ సైన్యం ఒడ్డునే అడ్డుకోవడం, కుదరకపోతే రాత్రిపూట కేకలేస్తూ గుంపుగా మీద పడి చావడం చేసేది. నకగావా అవి రెండూ మానేశాడు. రానియ్యి, లోపలికి రానియ్యి, ఒక్కో గజానికీ ధర కట్టనియ్యి. ఇదీ ఆయన పద్ధతి.

సెప్టెంబర్ 15న దిగారు. మొదటి రోజే దాదాపు 1,100 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. మర్నాడు విమానాశ్రయం దాటారు. దాటడం అంటే, చెట్టూ చాటూ లేని బయలు నేల మీద, గుట్టల మీంచి ఫిరంగులు కొడుతుండగా, 46 డిగ్రీల ఎండలో పరుగెత్తడం. దాహం. దీవి మీద వాగులూ వంకలూ లేవు, ఓడల నుంచి డ్రమ్ముల్లో నీళ్లు తెచ్చారు. ఆ డ్రమ్ములు అంతకు ముందు నూనె, పెట్రోలు పోసినవి, సరిగా కడగలేదు. నోరు ఎండిపోయి ఆత్రంగా తాగినవాళ్లు తాగినచోటే కక్కుకున్నారు. గుంట తవ్వి దాక్కుందామంటే కింద నేల కాదు, పగడపు రాయి, పలుగు దిగదు. గుండు పడితే ఆ రాతి ముక్కలే మళ్లీ తూటాల్లా ఎగిరి తగిలేవి.

కానీ గమనించండి, రెండో రోజు సాయంత్రానికి వచ్చిన పని అయిపోయింది. విమానాశ్రయం కోసం వచ్చారు, విమానాశ్రయం దొరికింది. వారంలోపే దీవి దక్షిణ భాగమంతా చేతికొచ్చింది. జపాన్ వాళ్లకి మిగిలింది గుట్టలే. నకగావాకి ఓడ లేదు, విమానం లేదు, కాస్తో కూస్తో మనుషులు రాత్రిపూట పడవల మీద వచ్చి చేరడం తప్ప సాయం వచ్చే దారి లేదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఇప్పుడేం చేద్దాం అని అడగాల్సిన మనిషి రూపర్టస్. ఆయన అడగలేదు. మూడు రోజులని చెప్పాడు, నాలుగో రోజొచ్చింది. ఫోన్ చేసి తొందర పెట్టడం, మళ్లీ చేసి మళ్లీ తొందర పెట్టడం, ఇదే.

గుట్టల ముందు నిలబడింది కర్నల్ 'చెస్టీ' పుల్లర్ నడిపిన మొదటి రెజిమెంట్. మెరైన్లకి ఆయన దేవుడితో సమానం, నాకు మాత్రం ఈ దీవి మీద ఆయన చేసింది క్షమించబుద్ధి కాదు. రోజూ పొద్దున్నే అదే రాతి మీదికి, ఎదురుగా, ఇంకాస్త తక్కువమందితో. సెప్టెంబర్ 19న కెప్టెన్ ఎవరెట్ పోప్ దాదాపు 90 మందితో హిల్ 100 అనే గుట్ట ఎక్కాడు. ఎక్కాక తెలిసింది, అది శిఖరం కాదు, పక్కన ఇంకా ఎత్తైన చోటు ఉంది, అక్కడి నుంచి జపాన్ వాళ్లు నెత్తి మీదికి కొడుతున్నారు. చీకటి పడింది. రాత్రంతా మీదికి వస్తూనే ఉన్నారు. గ్రెనేడ్లు తరిగిపోతుంటే పోప్ మనుషులు రాళ్లు విసరడం మొదలుపెట్టారు. మూడు నాలుగు రాళ్లు, ఒక గ్రెనేడ్, మళ్లీ రాళ్లు. చీకట్లో ఏది రాయో ఏది గ్రెనేడో తెలీక ఎదుటివాడు ఆగుతాడని. తర్వాత ఖాళీ తూటాల పెట్టెలు విసిరారు. పిడికిళ్లతో కొట్టుకున్నారు. తెల్లారేసరికి తొమ్మిది మంది మిగిలారు, దిగి రమ్మన్నారు, దిగారు. పోప్‌కి అమెరికాలో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, వచ్చింది. ఆ గుట్ట మళ్లీ జపాన్ వాళ్లదే అయింది.

ఆరేడు రోజుల్లో పుల్లర్ రెజిమెంట్‌లో చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 1,749 మంది. అంటే సగానికి పైనే. ఇంతా జరుగుతుంటే పక్కనే, అంగౌర్ దీవిలో, ఆర్మీ వాళ్ల 81వ డివిజన్ ఉంది. అడిగితే వస్తారు. రూపర్టస్ అడగడు. మెరైన్లు మొదలుపెట్టిన పని మెరైన్లే ముగించాలట, ఇంకో రోజు రెండు రోజుల్లో అయిపోతుందట. చివరికి 21వ తేదీన పై అధికారి జనరల్ గైగర్ స్వయంగా పుల్లర్ దగ్గరికి వెళ్లి, అక్కడ మిగిలిన మనుషుల్ని కళ్లారా చూసి, వీళ్లని తీసేయ్, ఆర్మీని పిలువు అని ఆర్డరేశాడు. అప్పుడు కూడా రూపర్టస్ ఒప్పుకోలేదు, ఒప్పించాల్సి వచ్చింది.

ఇది చదివిన రోజు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది అనంతపురం జిల్లా. నా పదో తరగతి ఎండాకాలంలో మూడో బోరు వేయించాడు, మొదటి రెండూ ఎండిపోయాక. టెంకాయ పట్టి చూసేవాడొచ్చి అరచేతిలో టెంకాయ నిలబడ్డ చోట సున్నం గీత గీశాడు. మూడొందల అడుగులకి ఒప్పందం. మూడొందలు అయింది, తెల్లదుమ్మే వస్తోంది, తడి లేదు. బోరు బండి అతను ఇంజను ఆపి "ఏం చేద్దాం చెప్పు పెద్దాయనా" అన్నాడు. నాయన దుమ్ము చేతిలోకి తీసుకుని నలిపి చూసి "ఇంకో యాభై అడుగులు పోనీ నాయనా" అన్నాడు. మూడొందల యాభై దగ్గర మళ్లీ అదే మాట. నాలుగొందల దగ్గర మళ్లీ. అప్పటికి ఊరు సగం మా చేన్లో ఉంది, అందరూ చూస్తున్నారు. నాలుగొందల అరవై దగ్గర డబ్బులైపోయాయి, అందుకని ఆపాడు. ముందు పోసిన డబ్బు తిరిగి రాదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేసి ఆలోచించాలని ఇప్పుడు నేను పిల్లలకి పాఠం చెబుతాను, చెప్పడానికి ఎంత బాగుంటుందో. మా నాయన పెట్టింది ఆయన సొంత డబ్బు, అదొక్కటే తేడా. రూపర్టస్ పెట్టుబడి పెట్టింది పరాయి పిల్లల్ని.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తీసిపారేయగలిగింది కూడా కాదు. గుట్టల మీద జపాన్ ఫిరంగులుంటే కింద రన్‌వే ఎలా వాడతారు? నిజమే, మొదట్లో వాడలేరు. ఆ ఫిరంగుల నోళ్లు మూయించాలి. ఒప్పుకుంటాను. కానీ సెప్టెంబర్ 26కల్లా అదే రన్‌వే మీద కోర్సెయిర్ విమానాలు దిగాయి, దిగి అక్కడి నుంచే గుట్టల మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. లేచిన పదిహేను సెకన్లకి బాంబు వేయాలి, చక్రాలు లోపలికి మడిచే తీరిక కూడా లేదు, చక్రాలు అలా వేలాడుతుండగానే వేసి, చుట్టు తిరిగి వచ్చి దిగేవారు. అంటే రన్‌వే పనికొస్తోందనేగా? అప్పుడైనా గుట్టల్ని చుట్టుముట్టి కూర్చోవచ్చు. అక్టోబర్‌లో ఆర్మీ చేతికి పగ్గాలొచ్చాక వాళ్లు దాదాపు అదే చేశారు. ఇసుక బస్తాలు ముందుకు నెట్టుకుంటూ, వాటి చాటున పాకుతూ, గుహల్లోకి గొట్టంతో నూనె కొట్టి అంటిస్తూ, నిదానంగా. చూడ్డానికి అందంగా ఉండదు, ఎవరికీ పేరు రాదు.

ఇంకా బలమైన సాక్ష్యం పలావులోనే ఉంది. అక్కడ అన్నిటికన్నా పెద్ద దీవి బాబెల్‌దావోబ్, దాని మీద ఇరవై వేలకి పైగా జపాన్ సైనికులున్నారు. అమెరికా దాన్ని ముట్టుకోనే లేదు. యుద్ధం అయ్యేదాకా వాళ్లు అక్కడే ఉండి, ఆకలికి మాడి, ఎవరికీ ఏ హానీ చేయలేకపోయారు. ఇరవై వేల మందిని వదిలేయగలిగినవాళ్లు గుట్టల్లో మిగిలిన కొన్ని వేల మందిని వదిలేయలేరా? ఇంకో సంగతి, సెప్టెంబర్ 23న అదే 81వ డివిజన్‌లోని ఒక రెజిమెంట్ ఉలితి అనే పగడాల దీవిలో దిగింది. జపాన్ వాళ్లు అప్పటికే ఖాళీ చేసి పోయారు, ఎదురు కాల్పుల్లేవు. తర్వాత జపాన్‌లోని ఒకినావా దీవి మీద దాడి దాకా అమెరికా నౌకాదళానికి అదే పెద్ద లంగరు. ఎంతో పనికొచ్చిన చోటు ఊరికే దొరికింది. పెలీలియుకి, పక్కనున్న అంగౌర్‌తో కలిపి, సుమారు 1,800 మంది అమెరికన్ల ప్రాణాలు, ఎనిమిది వేల మంది గాయాలు.

పెలీలియు అసలేమీ పనికిరాలేదనే వాళ్లతో కూడా నేను ఏకీభవించను. 1945 జూలై 30న ఇండియానాపొలిస్ అనే అమెరికన్ యుద్ధనౌక మునిగిపోయింది, నాలుగు రోజుల పాటు దాని కోసం ఎవరూ వెతకలేదు. ఆగస్టు 2న సముద్రంలో తేలుతున్న మనుషుల్ని అనుకోకుండా చూసిన విమానం పెలీలియు రన్‌వే నుంచి లేచిందే. 316 మంది బతికారు. వాళ్ల ఇళ్లలో ఎవరైనా పెలీలియు దండగ అంటే ఊరుకుంటారా? ఊరుకోరు. కానీ ఆ విమానానికి కావలసింది రన్‌వే, గుట్టలు కావు.

నకగావా గురించి కూడా ఒక మాట. ఇంటర్నెట్లో ఆయనకి భక్తులు ఎక్కువ, మన కుర్రాళ్లలోనూ చూశాను, వీరుడు, వ్యూహకర్త అంటూ. తెలివైనవాడే, కాదనను. నవంబర్ 24న "సాకురా, సాకురా" (చెర్రీ పూలు) అని ఆఖరి సందేశం పంపి, రెజిమెంట్ జెండా తగలబెట్టి, ప్రాణం తీసుకున్నాడు. ఆయన కింద ఉన్న 11 వేల మందిలో పట్టుబడి బతికింది సుమారు 200 మంది, అందులోనూ జపాన్ సైనికులు 19 మందే, మిగతావాళ్లు కూలిపనికి తెచ్చిన కొరియన్లు, ఒకినావా వాళ్లు. ఆయన తెలివికి ఫలితం అది. ఆగమని చెప్పే వీల్లేని సైన్యం ఆయనది, ఆగమని చెప్పే వీలుండీ చెప్పని సైన్యం అవతలిది. కొందరికైతే యుద్ధం ఆగిందన్న కబురే చేరలేదు. ముప్పైమందికి పైగా గుహల్లోనే ఉండిపోయి 1947 ఏప్రిల్లో బయటికొచ్చారు.

యుద్ధానికి ముందు జపాన్ వాళ్లు స్థానికుల్ని పెద్ద దీవికి తరలించారు. అందువల్ల వాళ్ల ప్రాణాలు దక్కాయి. తిరిగి వచ్చేసరికి ఊళ్లు లేవు, చెట్లు లేవు. వాళ్ల దీవి కోసం కొట్టుకున్న ఇద్దరిలో ఒక్కరూ వాళ్లని అడిగింది లేదు.

రూపర్టస్‌ని నవంబర్‌లోనే డివిజన్ నుంచి తప్పించారు, 1945 మార్చిలో గుండెపోటుతో పోయాడు. డగ్లస్ సారు అక్కడితో ఆగలేదు, ఒకినావాకీ వెళ్లాడు, అక్కడ మెషిన్‌గన్ తూటాలు తగిలి ఎడమ చెయ్యి జీవితాంతం పనికిరాకుండా పోయింది. ఇంటికొచ్చాక ఇల్లినాయ్ నుంచి సెనేటరై పద్దెనిమిదేళ్లు ఉన్నాడు. ఈ ఏడాది క్లాసులో సూత్రం రాసే ముందు ఇదంతా చెప్పాను. కిటికీ బయటికి ఒక్కడూ చూడలేదు. తర్వాత ఘాతాలు రాయడం మొదలుపెట్టగానే మళ్లీ మామూలే.

పెలీలియు రన్‌వేని అడవి మళ్లీ ఆక్రమించింది. చైనా మీద కన్నేసి ఉంచడానికి అమెరికన్ మెరైన్లు ఈ మధ్య దాన్ని మళ్లీ బాగుచేశారు, పాత బాంబులు ఏరి, చెట్లు కొట్టి. 2024 జూన్‌లో వాళ్ల పెద్ద రవాణా విమానం ఒకటి దాని మీద దిగింది. 1944లో ఇక్కడ పోరాడి, తర్వాత కాలేజీలో జీవశాస్త్రం చెప్పుకున్న యూజీన్ స్లెడ్జ్ పేరు ఆ రన్‌వేకి పెట్టారు. గుట్టల్లో చాలా గుహల్లో ఇంకా ఎముకలున్నాయి, అటువైపు ఇప్పుడు ఎవరికీ పని లేదు. ఆ రన్‌వే మొదటిసారి వాళ్ల చేతికొచ్చింది 1944 సెప్టెంబర్ 16 సాయంత్రం, దిగిన రెండో రోజున.